పిండికట్టు వెనక అయిదుగురు

మార్చి 9, సోమవారం

మధ్యాహ్నం ఇల్లు చేరాను. డ్రైవరు ఒక రెక్క, మా ఆవిడ ఒక రెక్క పట్టుకుని వ్యానులోంచి దించారు. ఊరికాని ఊళ్ళో, వంతెన పనిలో పరంజా మీద నుంచి పడి ఈరోజుకి తొమ్మిది రోజులు. ఎడమకాలికి మోకాలి పైదాకా పిండికట్టు. కాలు చాచి కూర్చోవాలి, లేదా పడుకోవాలి. చంకకర్రలతో స్నానాల గది వరకూ వెళ్ళవచ్చట. ఏప్రిల్ నెల సగం దాటితే గానీ కట్టు విప్పరు.

మా పాప పిడుగు వాళ్ళ అమ్మమ్మ చంకలో ఉంది. నన్ను చూసింది. కాసేపు అలాగే చూసి, పెదవి విరిచి, ఇల్లు పీకి పందిరి వేసింది. పుట్టిన ఇరవయ్యో రోజున ఒకసారి, అయిదో నెలలో ఒకసారి చూశాను దాన్ని. ఇప్పుడు పదకొండు నెలలు.

"కొత్త కదా బాబూ, అందుకని" అంది అత్తయ్య.

నిజమే, కొత్త. బాధేమీ లేదు.

మార్చి 10

పొద్దు పోవడం లేదు. అందుకే ఈ పుస్తకం మొదలుపెట్టాను. మా ఆవిడ పనిచేసే హ్యాచరీలో బాతుగుడ్లు పొదిగే యంత్రాల వేడీ తేమా రాసుకోవడానికి ఇచ్చింది ఇది. ముందు పదకొండు పేజీల నిండా ఆమె చేతి అంకెలు. 37.5, 37.5, 37.6. పన్నెండో పేజీ నుంచి నేను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి దస్తూరీ గురించి బెంగ లేదు.

నిన్న నన్ను చూసి పిడుగు ఆరుసార్లు ఏడ్చింది. ఈరోజు నాలుగు. తగ్గింది.

మార్చి 11

అయిదు.

మార్చి 13, శుక్రవారం

సాయంత్రం మా ఆవిడ సంచీ గుండెలకు హత్తుకుని వచ్చింది. లోపల తొమ్మిది గుడ్లు.

"ఏమిటివి?"

"వెనకబడినవి."

హ్యాచరీలో ఇరవై ఎనిమిదో రోజున ట్రేలు ఖాళీ చేస్తారు. అప్పటికి పగలని గుడ్లు పారేయాల్సిందే. వీటిలో ఇంకా చప్పుడు వినిపిస్తోందని అక్కడి పశువుల డాక్టరమ్మను అడిగి తెచ్చుకుందట. అట్టపెట్టె, పాత తువ్వాలు, పైన బల్బు, గిన్నెలో తడిగుడ్డ, థర్మామీటరు. అన్నీ నా మంచం పక్కనే సర్దింది.

"ఇక్కడే ఎందుకు?" అన్నాను.

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఉండేవాడివి ఈ ఇంట్లో నువ్వొక్కడివే. బల్బు ఆరిపోతే అమ్మని కేకెయ్యి. అంతే నీ పని."

పదకొండేళ్ళు వంతెనలకు వెల్డింగ్ చేసినవాణ్ణి. ఇప్పుడు బల్బుకు కాపలా.

ఒక గుడ్డు నా చెవి దగ్గర పెట్టింది. గోడ అవతల ఎవరో గోటితో గీకుతున్నట్టు వినిపించింది. కాసేపు ఆగి మళ్ళీ గీకింది. అప్పుడు లోపలి నుంచి కీచుమని ఒక పలుకు. నేను పెట్టె వైపు తిరిగి పడుకున్నాను.

మార్చి 14, శనివారం

ఉదయం ఏడింటికి మొదటి గుడ్డు మీద చిన్న చుక్కంత పగులు. మా ఆవిడ డ్యూటీకి వెళ్తూ ఒకే మాట చెప్పింది. "సాయం చేస్తానని పెంకు ఒలిచావంటే రక్తం కారి చచ్చిపోతుంది. చేతులు కట్టుకుని చూడు."

చూశాను. ఇంత కష్టమైన పని నేనెప్పుడూ చేయలేదు. లోపలున్నది ఒక్క దెబ్బ కొడుతుంది, అరగంట పడుకుంటుంది, మళ్ళీ ఒక దెబ్బ. పగులు గుండ్రంగా తిరగడానికి మధ్యాహ్నం అయింది. ఉన్నట్టుండి మూత ఊడినట్టు పెంకు ఊడి, తడిసి ముద్దయిన ప్రాణి ఒకటి బయటపడింది. బాతుపిల్ల అంటే పసుపు బంతిలా ఉంటుందనుకున్నాను. ఇది డ్రైనేజీలోంచి తీసిన పాత బ్రష్షులా ఉంది. ఆరేసరికి బంతి అయింది.

సాయంత్రానికి అయిదు బయటికి వచ్చాయి. మిగిలిన నాలుగింటిలో చప్పుడు ఆగిపోయింది. వాటిని మా ఆవిడ వచ్చాక తీసుకుపోయింది.

పిడుగును పట్టుకుని అత్తయ్య రోజంతా పక్కగదిలోనే ఉంది. పెట్టెలోంచి అవి తలెత్తి చూస్తే కనిపించేది బల్బూ, నేనూ. మొదటిది తల ఒక పక్కకు వంచి, ఒక్క కన్నుతో చాలాసేపు చూసింది. నేనూ చూశాను.

మార్చి 15, ఆదివారం

ఉదయం పెట్టె నేల మీద దించారు. చంకకర్రలు వేసుకుని నేను స్నానాల గదికి బయలుదేరాను. సగం దూరం వెళ్ళాక వెనక కిచకిచలు. తిరిగి చూస్తే, అయిదూ వరసగా నా వెనకే! ఎలా గెంతాయో పెట్టె గెంతేశాయి. నేను ఆగితే ఆగాయి, కదిలితే కదిలాయి. తలుపు వేసుకుంటే అవతల గొల్లుమన్నాయి. తెరిచే ఉంచాల్సి వచ్చింది. అయిదు జతల కళ్ళ ముందు ఒక మనిషి ప్రశాంతంగా ఏ పని చేయగలడు?

మా ఆవిడ గోడకు ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వడం పెళ్ళయిన కొత్తలో చూశాను.

"నువ్వు తల్లివయ్యావు" అంది.

"ఇదేం చోద్యం?"

"చోద్యం కాదు. పుట్టిన మొదటి రోజున కళ్ళ ముందు ఏది కదిలితే అదే వాటికి అమ్మ. బుర్రలో అచ్చు పడిపోతుంది. ఆ రోజు దాటాక ఎవరొచ్చినా లాభం లేదు."

"మొదటి రోజేనా?"

"ఆ. ఒక రోజు, మహా అయితే రెండు."

నేను పిడుగు ఉన్న పక్కగది కేసి చూశాను.

పిడుగు పుట్టిన రోజున నేను వంతెన రెండో దూలం మీద ఉన్నాను. సాయంత్రం కిందికి దిగాక ఫోనులో చెప్పారు. మేస్త్రీ అందరికీ టీలు పోయించాడు. మర్నాడు మూడో దూలం.

బాధేమీ లేదు. గుర్తొచ్చింది, రాశాను.

మార్చి 18

వీటితో వేగలేకపోతున్నాను. దుప్పటి కప్పుకుంటే ఏడుపు, తీస్తే నవ్వు. (బాతులు నవ్వవని మా ఆవిడ అంటుంది. ఆమెకు యంత్రాల సంగతి తెలుసు, వీటి సంగతి నాకు తెలుసు.) నేను కూర్చుంటే అయిదూ పిండికట్టుకు ఆనుకుని, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతాయి. కాలు దురద పెడితే కదపడానికి లేదు.

"ఇది ఇల్లా, బాతుల కొట్టా? తుడవలేక చస్తున్నాను" అని అత్తయ్య గొణుగుతుంది. గొణుగుతూనే పాలకూర సన్నగా తరిగి తెచ్చి పెడుతుంది.

పిడుగు మూడుసార్లు.

మార్చి 22, ఆదివారం

పిడుగు గుమ్మంలో పాకుతూ ఆగి బాతులను చూసింది. నోరు తెరుచుకుని అలా ఉండిపోయింది. తర్వాత నన్ను చూసి నోరు ఇంకా తెరిచింది, ఏడవడానికి. కానీ ఏడుపుకు ముందు అర నిమిషం ఒకటి ఉంది. దాన్ని లెక్కలో వేసుకోవాలా వద్దా?

వేసుకున్నాను.

మార్చి 27

అత్తయ్య చెల్లెలికి కంటి ఆపరేషన్. తోడు ఉండడానికి ఎవరూ లేరు, పది రోజులు అత్తయ్య వెళ్ళాలి. మా ఆవిడకు ఇప్పుడు సెలవు దొరకదు, యంత్రాలన్నీ నిండి ఉన్నాయి.

"నేను చూసుకుంటాను పిడుగును" అన్నాను.

తల్లీ కూతురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నేను చూశాను.

"హ్యాచరీ పది నిమిషాల దూరమేగా" అంది మా ఆవిడ చివరికి. "పదకొండింటికోసారి, మూడింటికోసారి వచ్చి పోతాను. ఎత్తుకోవడాలూ కడగడాలూ నేను చూస్తాను. నువ్వు కళ్ళప్పగించి ఉంటే చాలు."

మార్చి 30, సోమవారం

రాయడానికి చాలా ఉంది.

ఎనిమిదింటికి మా ఆవిడ వెళ్ళింది. గేటు చప్పుడు వినగానే పిడుగు మొదలుపెట్టింది. తలుపు దగ్గర కూర్చుని, తలుపు కేసి చేతులు చాచి, ఒకటే ఏడుపు. పాట పాడాను. నా పాట విని ఎక్కువైంది. చంకకర్ర మీద గిన్నె వాయించాను. గిలక్కాయ ఊపాను. సైట్లో జనరేటర్ చప్పుడు నోటితో చేస్తే మా వాళ్ళంతా పడిపడి నవ్వేవాళ్ళు, అదీ చేశాను. దగ్గరికి వెళ్ళబోతే గోడకు కరుచుకుపోయింది. నా కూతురు నన్ను చూసి గోడకు కరుచుకుపోయింది. నేను గది అవతలి మూలకు వెళ్ళి కూర్చున్నాను. అంతకంటే చేయగలిగింది తోచలేదు.

తొమ్మిదిన్నరకు బాతుల నీళ్ళ వేళ. పెరట్లో అత్తయ్య ఒక తొట్టి పెట్టింది. వీటికి వేళ తప్పితే పిడుగు కంటే ఎక్కువ గోల. సరే, పెరటి తలుపు తెరిచి, పిడుగు కనిపించేలా రెండు తలుపులూ బార్లా ఉంచి, నేను బయలుదేరాను. అయిదూ వరసగా వెనకాల.

ఏడుపు ఆగిపోయింది.

ఏడుపు కంటే ఆగిపోవడం భయపెట్టింది. గబుక్కున తిరిగాను. బాతుల వరస చివర, ఆఖరి పిల్లకు జానెడు దూరంలో, పిడుగు పాకుతోంది. ముక్కు కారుతోంది, కళ్ళు మాత్రం బాతు తోక మీద. నా ముఖం కనపడగానే మళ్ళీ రాగం తీసింది.

ముందుకు తిరిగాను. ఆగింది.

అర్థమైంది. గుమ్మం నుంచి పెరటి గోడ దాకా నా చంకకర్రలతో పంతొమ్మిది అడుగులు. తిన్నగా గోడ దాకా వెళ్ళాను, వెడల్పుగా తిరిగి గుమ్మం దాకా వచ్చాను, మళ్ళీ గోడ దాకా. ఎక్కడా వెనక్కి చూడలేదు. టక్కు టక్కు కర్రలు, కిచకిచ బాతులు, వాటి వెనక నేల మీద చిన్న అరచేతుల చప్పుడు. చెవులు రెండూ వీపు మీదే ఉన్నాయి నాకు. ఒకసారి ఆ చప్పుడు ఆగింది, ఒక గులకరాయి నోట్లో పెట్టుకుని ఉమ్మేసిన శబ్దం వచ్చింది, మళ్ళీ అరచేతులు. గోడకు ఆనించి ఉన్న పాత కిటికీ గాజులో, అద్దంలోలా, ఒక్క క్షణం పిడుగు కనిపించింది, నవ్వుతోంది.

పదకొండింటికి మా ఆవిడ రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"చంకలు ఒరుసుకుపోయాయి" అన్నాను. "కానీ ఆపితే ఏడుస్తుంది."

మార్చి 31

పెరట్లో ఇరవైసార్లు. గంజి గిన్నె నా చేతిలో ఉంటే పిడుగు తల తిప్పుకుంటుంది. గిన్నెను బాతుల మధ్య నేల మీద పెట్టి దూరంగా కూర్చున్నాను. సగం అది తింది, సగం అవి తిన్నాయి. మా ఆవిడకు ఈ సంగతి చెప్పలేదు.

ఏప్రిల్ 3

పిడుగు ఈరోజు పిండికట్టును కొరికింది.

నేను కూర్చుని ఉంటే బాతులు కాలికి చేరాయి, వాటి మధ్యలోంచి అదీ వచ్చింది. కట్టును తట్టింది, నాకింది, నాలుగు పళ్ళతో కొరికింది. నా ముఖం కేసి చూడలేదు. కొరికింది నన్ను కాదనుకో, నాకు తగిలించి ఉన్నదాన్ని. అయినా కాలు కదపకుండా కూర్చున్నాను.

ఏప్రిల్ 6

సున్నా. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కసారి కూడా లేదు. పొరపాటు పడ్డానేమోనని మా ఆవిడను అడిగాను. ఆమెకు తెలియదు, ఆమె లెక్కపెట్టడం లేదట. ఎలా ఉండగలుగుతుందో.

ఏప్రిల్ 9, గురువారం

పిడుగుకు ఏడాది నిండింది. అత్తయ్య ఈరోజుకల్లా తిరిగి వచ్చేసింది. నేను పెరట్లో గోడ వైపు నడుస్తున్నప్పుడు వంటింటి కిటికీలోంచి గొంతు వినిపించింది.

"వెనక్కి తిరగకండి బాబూ. పిల్ల మీ వెనకే వస్తోంది."

"నా వెనక కాదత్తయ్యా, బాతుల వెనక."

"బాతులు ఎవరి వెనక వస్తున్నాయి మరి?"

పంతొమ్మిది అడుగులూ నవ్వుకుంటూనే నడిచాను. గోడకు మాత్రమే తెలుసు.

ఏప్రిల్ 17

రేపు కట్టు విప్పుతారు. అందరికీ సంతోషం. నాకూ సంతోషమే.

ఏప్రిల్ 18, శనివారం

ఆసుపత్రిలో కట్టు కోసే అతను రంపం పెట్టి అటొక గీత ఇటొక గీత కోసి, కొబ్బరిచిప్పలా రెండుగా విడదీశాడు. లోపల నా కాలు లేదు. తెల్లగా పాలిపోయి, సన్నగా, వెంట్రుకలతో ఎవరిదో పీక్కుపోయిన కాలు ఉంది. "ఇది పారేయనా, దాచుకుంటారా?" అని చిప్పలు చూపించాడు. నేను పారేయమన్నాను. పిల్ల పళ్ళ గాట్లున్నాయి కదా అని మా ఆవిడ సంచీలో వేసుకుంది.

ప్యాంటు వేసుకుని, చేతికర్ర ఒకటి పట్టుకుని, రెండు కాళ్ళ మనిషిలా పెరట్లో అడుగుపెట్టాను. "ఏరా" అన్నాను. రోజూ అనే మాటే.

అయిదూ మెడలు చాచి చూశాయి. అరిచాయి. రెక్కలు కొట్టుకుంటూ వెళ్ళి పెరటి మూలలో ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి. నేను ఒక అడుగు వేస్తే గోడ ఎక్కబోయాయి. ఇప్పుడవి పిల్లలు కూడా కావు, సగం ఈకలు వచ్చిన అడ్డగాడిదలు. అంత అరుపు విని గుమ్మంలో ఉన్న పిడుగు హడలిపోయింది. బాతులను చూసి, నన్ను చూసి, ఏడుపు.

లోపలికి వచ్చేశాను.

సాయంత్రం మా ఆవిడ ఆ చిప్పలు రెండూ దగ్గరగా చేర్చి, తాడుతో కట్టి, పెరట్లో పెట్టింది. కిటికీలోంచి చూశాను. పరుగున వచ్చాయి. చుట్టూ చేరి, ముక్కులతో సవరించి, ఆనుకుని పడుకున్నాయి. అయిదు వారాలు నేనే వాటి లోకం అనుకున్నాను. వాటి లోకం సంచీలో వచ్చింది.

పిడుగు ఒకటి. మళ్ళీ మొదటికి వచ్చింది వ్యవహారం.

ఏప్రిల్ 19

కాలి వ్యాయామం చేయాలి. చేయలేదు.

ఏప్రిల్ 20, సోమవారం

సాయంత్రం మా ఆవిడతో డాక్టరమ్మ వచ్చారు, బాతులను చూడడానికి. రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న మనిషి, జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకున్నారు. ఒక్కోదాన్ని చంకలో ఇరికించుకుని రెక్కలూ కాళ్ళూ చూసి వదిలారు. తర్వాత తాడుకట్టిన పిండికట్టును చూశారు, నన్ను చూశారు.

"నీ వెనక రావడం లేదని అలిగావా?"

"అలగలేదండీ."

"అలిగిన ముఖం నాకు తెలుసులే. ఎద్దులక్కూడా అలాగే ఉంటుంది." మెట్టు మీద కూర్చున్నారు. "అవి చూసింది నిన్ను కాదు నాయనా. ఇంత పొడుగు తెల్లటిదొకటి, టక్కుటక్కుమంటూ కదిలేది. అదీ వాళ్ళమ్మ. ఒకసారి ఒక గుంపు నా సైకిలు చక్రాన్ని అమ్మ అనుకుంది. నెలరోజులు సైకిలెక్కలేదు, నడిపించుకుంటూ తిరిగాను. ఊళ్ళో నాకు పిచ్చనుకున్నారు."

నవ్వాను. నవ్వుతూ ఉండగానే అడిగేయాలనిపించింది.

"మనుషుల పిల్లలకీ అంతేనాండీ? మొదటి రోజేనా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే అడిగాను."

ఆవిడ గుమ్మంలోకి చూశారు. అక్కడ పిడుగు అత్తయ్య చీరకుచ్చిళ్ళు పట్టుకుని నిలబడుతోంది, పడుతోంది, నిలబడుతోంది.

"బాతుపిల్ల పుట్టిన రోజే నడుస్తుంది. ఎవరి వెనక నడవాలో ఆ రోజే తెలియకపోతే ఎవరి నోట్లోనో పడుతుంది. అందుకని దానికి తొందర. మన పిల్లలకి ఆ తొందరేముంది? ఏడాది దాకా నడవనే నడవరు. ఎవరెత్తుకున్నారు, ఎవరు పెట్టారు, ఏడిస్తే ఎవరొచ్చారు, ఇవన్నీ నెలలకొద్దీ చూసుకుంటారు. చూసుకుని అప్పుడు ఒక మాటకొస్తారు. ఒక్కళ్ళనే పట్టుకోవాలని కూడా లేదు, ఇద్దరినీ ముగ్గురినీ పట్టుకోవచ్చు."

"ఆలస్యమైతే?"

"నా కూతుర్ని నేను దానికి మూడేళ్ళప్పుడు తెచ్చుకున్నాను. ఆర్నెల్లు నా చేతి ముద్ద ముట్టలేదు. ఇప్పుడు ఫోను చేసి అది నన్ను సతాయించే తీరు చూస్తే, కన్నదాన్ని కాదని ఒక్కడు కూడా అనడు." లేచి చేతులు దులుపుకున్నారు. "నడు ముందు. ఆ కాలు అలాగే ఉంచితే కర్రలా బిగుసుకుపోతుంది. బాతులు రాకపోతే ఏం, గోడ అక్కడే ఉందిగా."

వెళ్తూ వెళ్తూ మా ఆవిడతో, ట్రేల బండ్ల ఇనప చట్రాలు అతికించడానికి బయటి నుంచి వచ్చే అతను అతికించిన చోటే మళ్ళీ విరుగుతున్నాయని విసుక్కున్నారు. "అతుకు పైపైన వేస్తే అంతే" అన్నాను నేను ఉండబట్టలేక. "మీద గీత బాగానే కనిపిస్తుంది, లోపలి దాకా దిగదు."

ఆవిడ ఆగి నా కేసి చూశారు.

ఏప్రిల్ 21

గోడ దాకా ఎనిమిదిసార్లు. ఒక్కణ్ణే. బాతులు దూరం నుంచి అనుమానంగా చూశాయి.

ఏప్రిల్ 22

పన్నెండుసార్లు. గింజలు చల్లుకుంటూ నడిచాను. రెండు బాతులు తిన్నాయి. నేను వెళ్ళాక.

పిడుగుకు స్నానం నేను చేయించాను. ఏడ్చింది. కానీ అది నీళ్ళకు ఏడ్చింది, నాకు కాదు. తేడా నాకు తెలుస్తుంది.

ఏప్రిల్ 24, శుక్రవారం

ఇది సరిగ్గా రాసుకోవాలి.

ఉదయం పదింటికి పెరట్లో నడుస్తున్నాను. బాతులు తొట్టిలో మునిగి తేలుతున్నాయి, ఎవరి లోకంలో వాళ్ళున్నారు. పిడుగును గుమ్మంలో దింపి అత్తయ్య లోపలికి వెళ్ళింది. నేను అయిదోసారి గోడ వైపు వెళ్తున్నాను. ఇప్పుడు కర్రతో ఇరవైరెండు అడుగులు పడుతుంది. పది అడుగులు వేశాక వెనక అరచేతుల చప్పుడు.

బాతుల కోసం వచ్చిందనుకున్నాను. తొట్టి ఎడమ పక్కన ఉంది. చప్పుడు అటు పోలేదు. నేను గోడ దగ్గర తిరిగే చోట నెమ్మదిగా తిరిగాను, అలవాటు కొద్దీ తల దించుకుని. చప్పుడు కూడా తిరిగింది.

గుమ్మం దగ్గర ఆగాను. ఆగింది. ఇంక లాభం లేదని వెనక్కి చూశాను.

మోకాళ్ళ నిండా మట్టి. నోట్లోంచి చొంగ. నా ముఖం కేసి చూసింది, చాలాసేపు, ఆ మొదటి బాతుపిల్ల చూసినట్టు కాదు, అన్నీ గుర్తుపెట్టుకుని చూసే మనిషిలా. ఏడవలేదు. "హు" అంది. నడవమని.

నడిచాను. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు.

ఏప్రిల్ 26, ఆదివారం

మేస్త్రీ వచ్చాడు, బుట్టెడు పళ్ళతో. ఆయన చేతి కింద తొమ్మిదేళ్ళు పనిచేశాను. నేను పడ్డప్పుడు నన్ను భుజాన వేసుకుని పరుగెత్తింది ఆయనే. గుబురు మీసాలు చూసి పిడుగు ఎగిరిపడింది. ఇంటి పైకప్పు లేచిపోయేలా ఏడ్చింది. నన్ను చూసి ఎన్నడూ అంతలా ఏడవలేదు. పైకి అయ్యో అన్నాను గానీ లోపల చాలా సంతోషించాను. పాపం, పెద్దాయన.

"కొత్త వంతెన పడిందిరా. రెండేళ్ళ పని. నీ చేతి అతుకు లేకపోతే నాకు నిద్రపట్టదు. జూన్ ఒకటికల్లా వచ్చెయ్."

"ఆలోచించి చెబుతానన్నా."

"ఆలోచించేదేంట్రా? విరిగింది కాలేగా, బుర్ర కాదుగా."

అందరం నవ్వాం. మా ఆవిడ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఏప్రిల్ 27

మా ఆవిడా నేనూ పెరట్లో బట్టలు ఆరేస్తున్నాం. దుప్పటి ఒక కొస ఆమె చేతిలో, ఒక కొస నా చేతిలో.

"వెళ్తావా?" అంది.

"నువ్వేమంటావు?"

"నేనేం చెప్పను? వెళ్ళేవాణ్ణి ఎప్పుడూ ఆపలేదు నేను."

"ఆపలేదు. ఉండమని కూడా ఎప్పుడూ అనలేదు."

"ఉండనా అని నువ్వెప్పుడన్నా అడిగావా?"

ఇద్దరం అటూ ఇటూ మెలితిప్పుతున్నాం, మధ్యలో నీళ్ళు కారుతున్నాయి. ఆమె నా ముఖం కేసి చూడడం లేదు. పదకొండు నెలలు యంత్రాల దగ్గర నిలబడి, ఇంటికొచ్చి పిల్లను ఎత్తుకుని, ఫోనులో నాకు "అంతా బాగానే ఉంది" అని చెప్పిన మనిషి. నేను నమ్మాను. నమ్మితే హాయిగా ఉండేది.

"ఉండనా?" అన్నాను.

"ముందు సరిగ్గా పిండు" అంది.

అని, పిండిన దుప్పటి తీగ మీద వేసి, దాని చాటుకు వెళ్ళి ముఖం తుడుచుకుంది. కాసేపటికి దుప్పటి అవతలి నుంచే, "ట్రేల బండ్లు పద్నాలుగు విరిగి ఉన్నాయి. డాక్టరమ్మ మేనేజరుతో మాట్లాడతానన్నారు. నీకిష్టమైతేనే" అంది.

ఏప్రిల్ 28

మేస్త్రీకి ఫోను చేశాను. తిట్టాడు. తర్వాత, "పోనీలేరా, నా కూతురి పెళ్ళి దాకా నేనూ దాని ముఖం సరిగ్గా చూడలేదు" అన్నాడు. కొత్త కుర్రాళ్ళెవరైనా ఉంటే అతుకు నేర్పి పంపుతానన్నాను.

మే 5

బాతులను హ్యాచరీ చెరువులో వదిలి వచ్చాం. ఈ పెరడు వాటికి చాలడం లేదు. పిండికట్టును గట్టు మీద పెట్టాం. రోజంతా దాన్ని అంటిపెట్టుకునే ఉన్నాయట, చెరువులోని బాతులను చూసి వాటికి భయమట. తామూ బాతులేనని వీటికి తెలియదు. వీటికి మాత్రం ఏం తెలుసు పాపం.

మే 8

రెండు నీళ్ళలోకి దిగాయి. మూడు గట్టు మీద.

మే 9

అయిదూ దిగాయి. నిన్నటి వానకు పిండికట్టు మెత్తబడి కరిగిపోయిందని మా ఆవిడ చెప్పింది. అవి వెతుక్కోలేదట. నాకు కొంచెం కష్టంగా అనిపించింది. కొంచెమే. సాయంత్రం వెళ్ళి చూశాను. మందలో మావి ఏవో పోల్చుకోలేకపోయాను. "ఏరా" అంటే రెండు తలలు ఎత్తాయి. అవే కావచ్చు.

మే 11, సోమవారం

హ్యాచరీలో పనికి మొదటి రోజు. ఇద్దరం కలిసి బయలుదేరాం. నేను మెట్టు మీద కూర్చుని బూట్లు వేసుకుంటుంటే పిడుగు కుర్చీ పట్టుకుని నిలబడి చూసింది. వాళ్ళమ్మ చెప్పులు వేసుకోవడం దానికి అలవాటే. నా బూట్లు ఎప్పుడూ చూడలేదు. ఒక బూటు తాడు ముడివేశాను, ఏమీ లేదు. రెండోది ముడివేసి లేచాను. దానికి అర్థమైంది. కుర్చీ వదిలేసి, చేతులు రెండూ నా కేసి చాచి, అక్కడే కూలబడి, ఏడుపు.

"వెళ్ళిపోండి బాబూ, రెండు నిమిషాల్లో మరిచిపోతుంది" అని అత్తయ్య ఎత్తుకుంది.

గేటు వేశాం. నేను గోడ పక్కన ఆగిపోయాను.

"పద, ఆలస్యమవుతోంది" అంది మా ఆవిడ.

"ఉండు. ఇంకా ఆపలేదు."

"సిగ్గు లేదూ? పిల్ల ఏడుస్తుంటే నవ్వుతావేంటి?"

"నవ్వడం లేదు" అన్నాను. నవ్వుతున్నాను.

ఆమె నా కేసి చూసి, తలకొట్టుకుని, వచ్చి నా పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది. లోపల గొంతు హెచ్చింది, తగ్గింది, మళ్ళీ హెచ్చింది. వీధిలో పోయేవాళ్ళు మమ్మల్ని వింతగా చూశారు. పూర్తిగా సద్దుమణిగేదాకా ఇద్దరం అక్కడే నిలబడి విన్నాం.

పది నిమిషాలు ఆలస్యంగా చేరాం. హాజరు పుస్తకంలో కారణం రాయమన్నారు. ఆమె "ఇంట్లో పని" అని రాసింది. నేను దాని కింద "అదే" అని రాసి సంతకం చేశాను.